టీవీ కార్టూన్ సెల్స్ కొనడం తేలికే, సీమ ఎండలో నిలపడమే పని

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: అనంతపురంలో ఇల్లు, మిద్దె మీద గది. 1990ల నాటి ఒక జపాన్ టీవీ కార్టూన్ తాలూకు అసలు సెల్స్ (కార్టూన్ తీయడానికి చేత్తో రంగేసిన ప్లాస్టిక్ షీట్లు) రెండు జపాన్ వేలం సైట్లో కనబడ్డాయి, ఒకదాంట్లో బొమ్మకు నోరు లేదు. చేతిలో 30 వేలు ఉన్నాయి. అవి అసలువో కాదో ఎలా తెలుస్తుంది, హాల్లో ఫ్రేమ్ కట్టించి తగిలించుకోవచ్చా, మన ఎండలకు ఆగుతాయా?

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఏది కొనాలి, ఎంత పెట్టాలి అనేవి దాని మీదే ఆధారపడతాయి. ఆగుతాయి. మిద్దె మీద గదిలో మాత్రం ఆగవు.

సెల్ అంటే ఏమిటో ముందు చూద్దాం (ఇంట్లో చెప్పేటప్పుడు ఫోన్ కాదని కూడా చెప్పాలి, 30 వేలంటే ఏ మోడల్ అని అడుగుతారు). పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద ముందువైపు బొమ్మ గీతలుంటాయి, వెనకవైపు రంగు నింపుతారు. దాన్ని నేపథ్య చిత్రం మీద పరిచి కెమెరాతో ఒక్కొక్క ఫ్రేమూ తీసేవారు. టీవీ కాలం నాటి షీట్లు సెల్యులోజ్ ఎసిటేట్‌వి. అంతకు ముందు వాడిన నైట్రేట్ షీట్లకు నిప్పు భయం ఉండేది, 1990ల సెల్స్‌లో ఆ బెడద లేదు. ఎసిటేట్‌కు ఉన్న జబ్బు వేరు. వేడీ తేమా కలిస్తే అది నెమ్మదిగా విరిగి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. అది వెనిగర్‌లో ఉండే పులుపే, అందుకే దీన్ని వెనిగర్ సిండ్రోమ్ అంటారు. వదిలిన ఆమ్లం అక్కడే ఉండి మిగతా షీటును ఇంకా వేగంగా విరగ్గొడుతుంది. మొదలయ్యాక వెనక్కి తిప్పే మార్గం లేదు, నెమ్మది చేయగలం అంతే.

ఎసిటేట్ ఫిల్ము మీద ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ (ఫొటోలు, ఫిల్ములు పాడవకుండా చూడటం మీద పరిశోధించే అమెరికా సంస్థ) వాళ్లు ఇచ్చిన లెక్క ప్రకారం 21 డిగ్రీలు, 50 శాతం తేమలో కొత్త షీటుకు ఈ జబ్బు పట్టడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. వేడి ఐదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ కాలం ఇంచుమించు సగమవుతుంది. ఇప్పుడు మీ మిద్దె మీద గది సంగతి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రంతా గదిలోకి వదులుతుంది, పదింటికి గోడ మీద చెయ్యి పెట్టినా వెచ్చగానే తగులుతుంది. మీరు కొనబోయే సెల్‌కు ఇప్పటికే 30 ఏళ్లుంటాయి, దాన్ని అలాంటి గదిలో పెట్టడమంటే మిగిలిన ఆయుష్షును రెండు మూడు ఎండాకాలాల్లోనే ఖర్చు పెట్టేయడం.

మనకు కలిసొచ్చేది ఒకటుంది: పొడిగాలి. ఎండాకాలం మధ్యాహ్నం అనంతపురంలో గాలిలో తేమ 30 శాతం లోపే ఉంటుంది. తేమ తక్కువైతే ఎసిటేట్ విరగడమూ తగ్గుతుంది. ఆ లాభాన్ని మనమే చేతులారా పోగొట్టుకుంటాం, కూలర్ పెట్టుకుని. గడ్డి ప్యాడ్లు తడిసి తిరిగే కూలర్ కిటికీ మూసిన గదిలో తేమను 70, 80 శాతానికి తీసుకుపోతుంది, వేడిని మాత్రం 30 డిగ్రీల దిగువకు తేవడం గగనం. వేడీ తేమా రెండూ ఒకేచోట చేరాయంటే ఎసిటేట్‌కు అంతకన్నా చెడ్డ చోటు ఉండదు. కాబట్టి సముద్రతీరం వాళ్లకు వానాకాలం ఎంతో మనకు కూలర్ అంత. కూలర్ తిరిగే గదిలో సెల్ ఉండకూడదు. కర్నూలు, కడప వాళ్లకూ ఇదే మాట.

రంగు కథ మళ్లీ దీనికి ఎదురు. టీవీ సెల్స్ మీద వాడిన వినైల్, యాక్రిలిక్ రకం రంగులు మరీ పొడిగా ఉంటే పెళుసెక్కి పగులుతాయి, షీటు నుంచి పొరలుగా లేస్తాయి. తేమ ఎక్కువైతే మెత్తబడి, వెనకున్న కాగితానికో కవరుకో అతుక్కుంటాయి. రెంటికీ సరిపడే చోటు 40 నుంచి 50 శాతం తేమ, 20 డిగ్రీల చుట్టూ వేడి. అది మ్యూజియం లెక్క. మన ఇళ్లలో వీలయ్యే పని, 27, 28 డిగ్రీలు దాటని చోటు వెతకడం, హెచ్చుతగ్గులు తక్కువగా ఉండేలా చూడటం. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే పడకగది కన్నా, ఏసీ లేకపోయినా నిలకడగా ఉండే కింది అంతస్తు నడిమి గది మేలు.

చోటు ఎంపికలో మన ఇళ్లకు మాత్రమే ఉండే చిక్కు గోడలో కట్టిన కడప బండల అరలు. బండ చల్లగా ఉంటుంది కదా అని అక్కడ పెట్టేస్తారు. ఆ గోడ పడమటిదో బయటిదో అయితే సాయంత్రం నాలుగు దాటాక బండ కాలుతుంది, సెప్టెంబరు, అక్టోబరు వానల్లో అదే గోడ చెమ్మ పడుతుంది. లోపలి గోడ అరైతే పర్వాలేదు. ఇనుప బీరువా కూడా లోపలి గోడ పక్కనే, గోడకు నాలుగంగుళాలు ఎడంగా ఉండాలి. సెల్స్ మధ్య అరలో పడుకోబెట్టాలి, నిలబెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి ఐదారుకు మించకూడదు. బీరువాలో కలరా ఉండలు, కర్పూరం ఉంటే తీసేయండి. వాటి ఆవిరి ప్లాస్టిక్కునూ రంగునూ మెత్తబరుస్తుంది. పట్టుచీరలూ సెల్సూ ఒకే బీరువాలో పెట్టొద్దని చెప్పేది అందుకే. సిలికా జెల్ పొట్లాలు గుప్పెడు పోసి డబ్బా బిగించేయడమూ తప్పే. తేమ మరీ పడిపోయి రంగు పగులుతుంది, వదిలిన ఆమ్లం బయటికి పోయే దారీ ఉండదు. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ తేమ మీటరు ఒకటి కొని, సెల్ కొనకముందే ఆ అరలో వారం రోజులు పెట్టి ఉదయం, సాయంత్రం, అర్ధరాత్రి అంకెలు రాసుకోండి. ఇది ఏప్రిల్‌లో చేస్తేనే నిజం తెలుస్తుంది.

ఫ్రిజ్‌లో పెడితే పోదా అని కొందరడుగుతారు. ఉత్త ఫిల్ముకు చల్లదనం మంచిదే కానీ దీనిమీద రంగుంది. బయటికి తీయగానే నీరు పడుతుంది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అదే తంతు. వద్దు.

కవర్ల విషయంలో స్టేషనరీ షాపులో దొరికే మెత్తటి, వాసనొచ్చే కవర్లు దాదాపు పీవీసీవి. వాటిలోంచి వచ్చే నూనెలాంటి పదార్థం రంగుకు అంటుకుంటుంది. కావలసినవి పాలీప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు. అనుమానముంటే పరీక్ష సులువే. మోటారు వైండింగులో వాడే రాగితీగ ముక్కను పటకారుతో పట్టుకుని, పైపూత పోయి ఆకుపచ్చ మంట రావడం ఆగేదాకా కాల్చండి. వేడి తీగను కవరు మూలకు ఆనిస్తే కొంచెం కరిగి అంటుకుంటుంది. మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ. ఇది ఆరుబయటే చేయాలి, ఆ పొగ మంచిది కాదు. మంచి కవరైనా నాలుగు వైపులా అంటించొద్దు, ఒకవైపు తెరిచి ఉంచండి. వెనక ఆమ్లం లేని కాగితం ఒకటి పెట్టండి. రంగువైపు బరువు పడకూడదు.

ఇక ఫ్రేమ్. హాల్లో తగిలించొచ్చు, అయితే ఏడాది పొడుగునా కాదు. అక్టోబరు చివర తగిలించి ఫిబ్రవరి చివర దింపేయండి. పడమటి గోడా, కిటికీ ఎదుటి గోడా, దీపం పొగా అగరొత్తి పొగా తగిలే పూజగది పక్కా వద్దు. ఫ్రేమ్ కట్టేవాళ్లకు దేవుడి పటాలు కట్టే అలవాటు: అద్దానికి బొమ్మను ఆనించి, వెనక హార్డ్‌బోర్డు కొట్టి, అంచులకు టేపు వేసేస్తారు. సెల్‌కు ఈ మూడూ పనికిరావు. అద్దానికీ సెల్‌కూ మధ్య కనీసం 4, 5 మిల్లీమీటర్ల సందు ఉండేలా మందపాటి మౌంటు బోర్డు పెట్టించాలి, లేకపోతే రంగు అద్దాన్ని పట్టుకుంటుంది. హార్డ్‌బోర్డు, ప్లైవుడ్ బదులు ఆమ్లం లేని బోర్డు కావాలి. టేపు, జిగురు సెల్‌కు తగలకూడదు, మూలల్లో పాలిస్టర్ జేబులు పెట్టి అందులో దూర్చాలి. మామూలు గాజు కన్నా అతినీలలోహిత కిరణాలను ఆపే గాజో యాక్రిలిక్కో వేయించండి. దుకాణదారు “సార్, లామినేషన్ చేయిస్తే జీవితాంతం ఉంటుంది” అంటాడు. ఆ మాట వినగానే సెల్ చేతిలోకి తీసుకుని బయటికి నడవండి. లామినేషన్ రోలర్ వంద డిగ్రీలు దాటిన వేడితో నొక్కుతుంది. షీటు ముడుచుకుంటుంది, రంగు కరిగి అంటుకుంటుంది, మళ్లీ విడదీయలేరు.

అసలు, నకిలీ తేల్చడానికి ముందు నాలుగు రకాలు తెలియాలి. నిజంగా కెమెరా కింద పెట్టి తీసినది ప్రొడక్షన్ సెల్. అమ్మకానికే సిల్క్ స్క్రీన్‌తో అచ్చువేసినది సెరిసెల్. అమ్మకం కోసమే చేత్తో వేయించి 112/500 లాంటి అంకె రాసినది లిమిటెడ్ ఎడిషన్. అభిమాని ఎవరో ట్రేస్ చేసి రంగేసినది నాలుగోది. మధ్య రెండూ మోసం కావు, ప్రొడక్షన్ సెల్ ధరకు అమ్మితేనే మోసం.

చూడాల్సింది ముందువైపు కాదు, వెనకవైపు. అమ్మేవారిని వెనకవైపు ఫొటో అడగండి, ఇవ్వకపోతే అక్కడితో వదిలేయండి. ముందునుంచి నున్నగా కనబడే రంగు వెనక మందంగా, కుంచె చారలతో, ఒక రంగు అంచు పక్క రంగు మీదికి ఎక్కి గచ్చు పూసినట్టుంటుంది. సెరిసెల్‌లో ఆ ఎత్తుపల్లాలుండవు, అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి. చేతికొచ్చాక వెలుతురుకు పెట్టి చూడండి. ధర్మవరం పక్క నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినవారికి వెలుగు రంగులోంచి దాటి రావడం అలవాటు, తోలూ రంగూ రెండూ కాంతిని వదులుతాయి. సెల్ దానికి తలకిందులు. రంగు ఉన్నచోట కాంతి ఇంచుమించు ఆగిపోవాలి, బొమ్మ నల్లటి నీడలా కనబడాలి, పూత పల్చబడ్డ చోట మాత్రం కుంచె గీతలు, సూదిమొన చుక్కలు మెరవాలి. బొమ్మంతా సమానంగా కాంతి దాటిందంటే అది అచ్చు. 10 రెట్ల భూతద్దంలో వరుసలుగా రంగురంగుల చుక్కలు కనబడితే సందేహమే అక్కర్లేదు.

షీటు అంచున మధ్యలో గుండ్రటి రంధ్రం, రెండు పక్కలా పొడుగాటి రంధ్రాలు ఉంటాయి, కెమెరా బల్ల మీది పిన్నులకు తగిలించడానికి. జపాన్ టీవీ సెల్ సుమారు 9 అంగుళాలకు 10.5, అమెరికా మామూలు సైజు 10.5కి 12.5. మూలలో చేత్తో A7, B3 లాంటి గుర్తు ఉంటుంది. అక్షరం ఆ షీటు ఏ పొరదో చెబుతుంది, అంకె వరుసలో ఎన్నోదో చెబుతుంది. రంధ్రాలు లేనంత మాత్రాన నకిలీ అనలేం, ఫ్రేముకు సరిపోయేలా కోసేసినవీ ఉంటాయి. కానీ ధర తగ్గాలి.

అన్నిటికన్నా గట్టి పరీక్ష, ఎపిసోడ్ తెరిచి ఆ ఫ్రేమును పట్టుకోవడం. దొరికిన ఫ్రేమును సెల్ ఫొటో మీద సగం పారదర్శకంగా పరిస్తే గీతలన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. ట్రేస్ చేసినదైతే కనురెప్ప దగ్గరో వేళ్ల దగ్గరో దొరికిపోతుంది. ఇక్కడ కొత్తవాళ్లు ఒకచోట తడబడతారు: సెల్‌లో నోరు ఉండదు, లేదా మొండెం ఉంటుంది, తల ఉండదు. అది లోపం కాదు. టీవీ వాళ్లు ఖర్చు తగ్గించడానికి కదిలే భాగాన్నే వేరే పొర మీద గీసేవారు. అమెరికా టీవీ కార్టూన్ ఎలుగుబంటి యోగి బేర్ మెడలో కాలరు, టై ఉండటానికి కారణమూ ఇదే, తల పొర మొండెం పొరను కలిసే గీత ఆ కాలరు చాటున దాక్కుంటుంది. మీరు చూసిన రెండింట్లో ఒకదానికి నోరు లేదన్నారు కదా, ఆ నోటి పొర కూడా అదే కట్టలో ఉందేమో అడగండి. రెండూ కలిస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

సంవత్సరం కూడా సాక్ష్యమే. సెల్స్ వాడకం ఆగిపోయాక వచ్చిన ఎపిసోడ్‌కు ప్రొడక్షన్ సెల్ ఉండే వీలు లేదు. డోరేమాన్ టీవీ సిరీస్ 2002లో కంప్యూటర్ రంగులకు మారింది, సింప్సన్స్ కూడా ఇంచుమించు అప్పుడే. స్పాంజ్‌బాబ్‌కు మొదటి సీజన్‌వే సెల్స్. చివరిదాకా పట్టుబట్టి వాడింది జపాన్ టీవీ కార్టూన్ సజాయే సాన్, 2013 వరకు. 2008 నాటి డోరేమాన్ ఒరిజినల్ సెల్ అని ఎవరైనా అమ్మజూపితే అది ఇంకేదైనా కావచ్చు, ప్రొడక్షన్ సెల్ మాత్రం కాదు.

బొమ్మ ఎంపికలో అరుదనం చూసి భయపడకండి. సెకనుకు 24 ఫ్రేములు తీసినా టీవీలో ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములకు ఉంచేస్తారు. అయినా ఒక ఎపిసోడ్‌కు మూడు నుంచి ఐదు వేల బొమ్మలు పట్టేవి. అంటే సరుకుకు కరువు లేదు, మంచి భంగిమకే కరువు. ముఖ్య పాత్ర, ముఖం ఇటువైపు, కళ్లు తెరిచి, బొమ్మ షీటు అంచున తెగకుండా ఉండటం, వీటికే ధర. సగం మూసిన కన్ను, వెనక తిరిగిన తల చవగ్గా వస్తాయి. నేపథ్యంతో సహా అమ్మితే అది ఆ సన్నివేశంలోని అసలు చేతిచిత్రమా, రంగు జిరాక్సా అని తప్పక అడగండి. చాలావరకు రెండోదే.

1990ల జపాన్ సెల్స్‌లో ఇంకో చిక్కు నల్లగీత. పెన్సిల్ బొమ్మను కార్బన్‌తో మెషీన్ మీద షీటుకు ఎక్కించేవారు. ఆ గీత ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి మాయమవుతుంది, చీకట్లో దాచినా సరే. అమ్మేవారు పదేళ్ల కిందటి స్కాన్ పెట్టి ఉండొచ్చు. పగటి వెలుతురులో ఈ వారం తీసిన ఫొటో అడగండి. జుట్టు కొసలు, వేళ్ల సందులు దగ్గరగా చూడండి, అక్కడే ముందు పోతుంది. పోయిన గీతను మార్కరుతో దిద్దిన సెల్ కొనొద్దు, కొన్నదాన్ని మీరూ దిద్దొద్దు.

సెల్ వెనక పెన్సిల్ గీసిన కాగితం అతుక్కుని వస్తే సంబరపడి లాగకండి. ఆ కాగితమే ఆ సెల్‌కు మూలమైన డ్రాయింగు, విలువైనదే. లాగితే రంగు ముక్కలు దానితో వచ్చేస్తాయి. తేమతో మెత్తబరిచి లేచిన రంగును తిరిగి అతికించే పద్ధతి మీద గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ (కళాఖండాల పరిరక్షణ మీద పనిచేసే అమెరికా సంస్థ) డిస్నీ సెల్స్‌తో పని చేసింది. అది ప్రయోగశాలలో తేమను కొలిచి చేసే పని. ఇడ్లీపాత్ర ఆవిరి మీద చేసేది కాదు. ఎక్కడో ఎవరో అలా చేసిన వీడియో ఉంటుంది, చూడొద్దు.

డబ్బు లెక్క. 30 వేలూ బొమ్మకే పెట్టకండి. వేలం పాట ధర మీద కొన్నిచోట్ల 20 శాతం పైన కమిషన్ ఉంటుంది. జపాన్ సైట్లలో మన తరఫున కొనిపెట్టే మధ్యవర్తి రుసుము, అక్కడి లోకల్ తపాలా, ఇక్కడికి పంపే ఖర్చు, కార్డు మీద విదేశీ కరెన్సీ రుసుము వేరే. కస్టమ్స్ సుంకం బొమ్మ ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద లెక్కేస్తారు. రేట్లు మారుతుంటాయి, కొనే వారంలోనే చూసుకోండి. నా లెక్కలో పాట 15 వేల దగ్గర ఆపాలి. రెండు నాసిరకం సెల్స్ కన్నా నోటి పొరతో సహా ఒకటి తీసుకోండి, మిగిలినది రవాణాకు, ఫ్రేముకు సరిగ్గా సరిపోతుంది. పార్సిల్ మీద ధర తగ్గించి రాయమని అమ్మేవారిని అడగొద్దు. అధికారి అడిగితే రసీదు చూపాలి, పార్సిల్ పోతే బీమా ఆ తక్కువ ధరకే వస్తుంది. వివరంలో “బొమ్మ” అని కాకుండా “యానిమేషన్ కోసం చేత్తో రంగు వేసిన ఎసిటేట్ షీటు, పాతది” అని ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయించండి. ఉత్త బొమ్మ అంటే ఆటవస్తువు కింద లెక్కేసే ప్రమాదముంది.

పార్సిల్ నవంబరు, ఫిబ్రవరి మధ్య చేరేలా చూసుకోండి. మేలో కొరియర్ బండి రేకుపెట్టెలో సెల్ ఒక పగలు ఎండలో నిలబడిందంటే చాలు. ఇప్పుడే పాట గెలిస్తే, మధ్యవర్తి గోదాములో ఎన్ని రోజులు ఉచితంగా ఉంచుతారో చూసి వీలైనంత ఆలస్యంగా పంపించుకోండి. రెండు గట్టి అట్టల మధ్య, సెల్ జారకుండా పెట్టమని రాయండి. బబుల్ ర్యాప్ అట్టల బయటే ఉండాలి, రంగుకు నేరుగా తగిలితే వేడికి ఆ బుడగల అచ్చు పడుతుంది. ఇంటికొచ్చాక ఒక రోజు విప్పకుండా గదిలో ఉంచి, ఆ తర్వాత వీడియో తీస్తూ విప్పండి.

విప్పగానే మొదటి పని వాసన చూడటం. కవరు తెరిచిన మొదటి క్షణంలోనే తెలుస్తుంది, తర్వాత గాలికి పోతుంది. పుల్లటి ఘాటు ఉంటే దాన్ని మిగతావాటికి దూరంగా వేరే గదిలో పెట్టాలి. రెండోది ట్యూబ్‌లైటు కింద షీటును ఏటవాలుగా పట్టుకోవడం. ఖాళీ భాగంలో లైటు ప్రతిబింబం తిన్నగా గీతలా కనబడాలి. అలలు అలలుగా వంకర్లు పోతే షీటు కుదించుకుపోవడం మొదలైనట్టే. రంగు ఉన్నచోట షీటు ఆగి, లేనిచోట ముడుచుకోవడం వల్ల ఆ అలలు వస్తాయి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఎ-డి స్ట్రిప్ అనే నీలి కాగితం ముక్కలు దొరుకుతాయి. సెల్‌తో పాటు కవరులో ఒక రోజు ఉంచితే ఆమ్లాన్ని బట్టి నీలం నుంచి ఆకుపచ్చకు, పసుపుకు మారుతుంది. 0 నుంచి 3 దాకా ఉండే ఆ కొలతలో 1.5 చేరితే ఇక జబ్బు తనంతట తాను పరుగెత్తే దశ. అలాంటిది వస్తే వెంటనే వాపసుకు రాయండి.

ఆ రోజే ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకోండి. తెల్లకాగితం మీద పెట్టి పైనుంచి తీస్తే చాలు, స్కానర్ మూత బరువు రంగు మీద పడనివ్వద్దు. ఏటా ఫిబ్రవరి చివర ఫ్రేమ్ దింపేటప్పుడొకసారి, వానలు తగ్గాక అక్టోబరులో మళ్లీ తగిలించేటప్పుడొకసారి అదే వెలుతురులో ఫొటో తీసి పాతదానితో పోల్చండి, వాసన చూడండి, కవరు వెనక కాగితం పసుపెక్కితే మార్చండి. సెల్ మీదైనా బొమ్మ హక్కులు స్టూడియోవే, ఆ ఫొటోలతో టీషర్టులు అచ్చు వేయించి అమ్మడం కుదరదు.

నోటి పొర గురించి అమ్మేవారు ఏమన్నారో, వెనకవైపు ఫొటోతో సహా ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.